కుడి రెక్క

మేడ్చల్ బస్ డిపో వెనక సందులో బాలరాజుకు మోటరు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటర్లు, ఫ్యాన్లు, మిక్సీలు విప్పి, మాడిన రాగితీగ పీకి కొత్తది చుట్టడం ఇరవై రెండేళ్లుగా అతని పని. ఎనిమిదేళ్ల కింద ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నలుగురు ఒక చిన్న మోటరు పట్టుకొచ్చారు. పోటీకని కట్టుకున్న రిమోట్ విమానంలోదట, కాల్చుకున్నారు. బాలరాజు దాన్ని బాగుచేసిచ్చి, ఇంత బుడ్డది విమానాన్ని ఎట్లా లేపుతుందో చూద్దామని వాళ్ల వెంట పోయాడు. అంతే, పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు షాపు అటక నిండా ఫోమ్ షీట్లు, కార్బన్ పుల్లలు, అగ్గిపెట్టెంత మోటర్లు. దుమ్ము దులపడానికి కూడా భార్య యమునను ఆ అటక ఎక్కనివ్వడు.

హేమచంద్‌ది కాకినాడ. మందుల కంపెనీలో మేనేజరు, కొంపల్లిలో గేటున్న విల్లాల కాలనీలో ఇల్లు. కాలనీ బోరు మోటరు కాలినప్పుడు షాపుకొచ్చి, అటక మీంచి బయటికి పొడుచుకొచ్చిన రెక్క చూసి "ఇదేంటి?" అన్నాడు. నెల తిరక్కుండా సామానంతా తెప్పించి బాలరాజు ముందు పెట్టాడు. దసరా నాటికి బాలరాజు అయిదడుగుల రెక్కల విమానం కట్టిచ్చాడు. తెల్లటి ఒళ్లు, ముక్కు దగ్గర ఎర్ర పట్టీ. ఆ తర్వాత ప్రతి ఆదివారం శామీర్‌పేట్ దగ్గర మైసయ్య అనే రైతు బీడులో ఎగరేయడం నేర్పాడు.

నేర్చుకోవడంలో హేమచంద్ చురుకే. లేనిదల్లా ఓపిక. బాలరాజు ఎగరేసే ముందు అరగంట ఆ విమానం చుట్టూ తిరిగేవాడు. ముందు రిమోట్ ఆన్ చేసి, దాని మీద మోటరును పెంచే తగ్గించే పుల్లను అడుగుకు దించి, అప్పుడే బ్యాటరీ తగిలించేవాడు. బ్యాటరీ తగిలాక ముక్కున ఉన్న ఫ్యాన్ ముందు ఎవర్నీ నిలబడనిచ్చేవాడు కాదు. "గది ఫ్యాన్ కాదు సార్, కత్తి. తిరగకముందు ఫ్యాన్, తిరిగినంక కత్తి" అనేవాడు. రెక్కల వెనక అంచున పైకీ కిందికీ ఆడే పలకలుంటాయి, విమానం అటూ ఇటూ ఒరిగేది వాటితోనే. వాటిని ఒక్కొక్కటే ఆడించి చూసేవాడు. రిమోట్ సిగ్నల్ బలం తగ్గించి, ముప్పై అంగలు దూరం నడిచి మళ్లీ చూసేవాడు. చివరికి తోక పట్టుకుని కూర్చుని, మోటరు ఫుల్లు ఇప్పించి, ఆ అదురులో ఇంకోసారి చూసేవాడు. బ్యాటరీలను, అంటుకున్నా మంట పాకకుండా, ఇంటి డాబా మీద మట్టికుండలో పెట్టి, పక్కన కూర్చుని ఛార్జింగు పెట్టేవాడు. ఆ కుండ యమునది. అడక్కుండా తీసుకున్నందుకు ఆమె మూడు రోజులు మాట్లాడలేదు.

"ఎగిరేది ఆరు నిమిషాలు, ఈ పూజ ముప్పై నిమిషాలా?" అని హేమచంద్ ప్రతిసారీ నవ్వేవాడు. బాలరాజు నవ్వేవాడు కాదు.

జనవరిలో ఒకరోజు హేమచంద్ ఫోన్ చేశాడు. "బాలరాజూ, రిపబ్లిక్ డేకి మన కాలనీలో జెండా ఎగరేశాక మన విమానం కూడా ఎగరేస్తున్నాం. జోగారావు గారు మైకులో కూడా చెప్పేశారు. పైనుంచి బంతిపూల రేకులు చల్లాలి."

జోగారావు ఆ కాలనీ సంఘానికి అధ్యక్షుడు. విశాఖ పోర్టులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మాట ఇస్తే వెనక్కి తీసుకోవడం ఆయనకు నామోషీ.

"జనం మీదికెల్లి వద్దు సార్," అన్నాడు బాలరాజు. "పూలు గీలు ఏమొద్దు. కాంపౌండు గోడ అవుతల ఖాళీ ప్లాట్లున్నయ్ గదా, గక్కడ ఎగరేద్దాం. మనోళ్లు గోడ ఇవుతలకెల్లి చూస్తరు."

"అంత దూరం నుంచి ఏం కనపడుద్దయ్యా?"

"విమానం కనపడ్తది సార్. మనుషుల మీద పడితే మనుషులు కనపడరు."

నాలుగు రోజులు సాగిందా మాట. చివరికి ఒప్పుకున్నారు. జోగారావు పోలీస్ స్టేషన్‌కు పోయి అనుమతి కాగితం కూడా తెచ్చాడు. బాలరాజు కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు.

ఇరవై ఆరో తారీకు పొద్దున ఏడున్నరకే బండి మీద కొంపల్లి చేరాడు. విమానం ముందురోజు నుంచి హేమచంద్ ఇంట్లోనే ఉంది. హాల్లో సోఫా మీద రెక్కలతో సహా బిగించి పెట్టి ఉంది. కాలనీవాళ్లంతా సాయంత్రం వచ్చి, దాన్ని ఎత్తి పట్టుకుని ఫోటోలు దిగారట. హేమచంద్ ఆ ఫోటోలు మురిపెంగా చూపించాడు. ఒకాయన రెక్క కొస పట్టుకుని గద్దను లేపినట్టు లేపాడు.

"బ్యాటరీ?" అన్నాడు బాలరాజు.

"ఫుల్లు. పొద్దున్నే పెట్టేశాను." బెడ్‌రూంలోంచి తెచ్చిచ్చాడు. మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఛార్జింగు చేశాడట. తాను వాకింగుకు వెళ్లొచ్చాడట.

బాలరాజు నోటిదాకా వచ్చిన మాట మింగాడు. బ్యాటరీ ఉబ్బలేదు, వేడిగా లేదు. మీటరు పెట్టి చూశాడు, సరిగానే ఉంది. పండగపూట ఎందుకులే అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

గోడ అవతల ప్లాటులో విమానం దించి, వరసగా చూడటం మొదలుపెట్టాడు. దగ్గర్నించి అన్నీ ఆడాయి. ముప్పై అంగల దూరం నుంచీ ఆడాయి. ఇక మోటరు ఫుల్లు ఇచ్చి చూడాలి. హేమచంద్ అప్పటికే ముఖ్య అతిథిని పలకరించడానికి గోడ దగ్గరికి పోయాడు. బాలరాజు తోకను రెండు మోకాళ్ల మధ్య అదిమిపట్టి, రిమోట్ మెడలో వేలాడదీసుకుని మోటరు పెంచాడు. పుల్లను ఎడమకు నెట్టాడు, కుడికి నెట్టాడు. మళ్లీ ఎడమకు. ఎడమ రెక్క పలక లేచింది. కుడి రెక్క పలక కదల్లేదు.

మోటరు ఆపి మళ్లీ చూశాడు. కదిలింది.

మళ్లీ మోటరు పెట్టాడు. పది సార్లు బాగా ఆడింది. పదకొండోసారి ఆడలేదు. పన్నెండోసారి ఏమీ ఎరగనట్టు ఆడింది.

"సార్! జర ఇటు రాండ్రి!" అని అరిచాడు.

హేమచంద్ వచ్చాడు. బాలరాజు మోటరు పెట్టి పుల్ల నెట్టాడు. కుడి పలక చక్కగా లేచింది. ఇరవై సార్లు నెట్టాడు, ఇరవై సార్లూ లేచింది.

"బానే ఉంది కదా?"

"ఇప్పుడే రెండుసార్లు ఆగింది సార్."

"సరే, చూస్తూ ఉండు" అని హేమచంద్ మళ్లీ పోయాడు. పది అంగలు వేశాడో లేదో, పలక ఆగిపోయింది.

రెక్క విప్పి, రెక్కల రెండు ముక్కలు కలిసేచోట ఉన్న తీగల ప్లగ్గు తీసి మళ్లీ గట్టిగా దూర్చాడు. టేపు వేశాడు. అప్పుడు ముప్పై సార్లు ఆడింది, ఆగింది. ఈలోపు జెండా ఎగిరింది, జనగణమన అయింది, అతిథి ప్రసంగం కూడా అయింది. మైకులో జోగారావు "ఇప్పుడు మన హేమచంద్ గారు స్వయంగా నడిపే విమానం" అనేశాడు. గోడ వెంబడి వంద తలకాయలు లేచాయి. అందరి చేతుల్లో ఫోన్లు.

హేమచంద్, జోగారావు, ఇంకో నలుగురు గేటు తిరిగి ప్లాటులోకి వచ్చారు. వస్తూనే ముక్కు ముందు నిలబడబోతే బాలరాజు కసిరినంత పని చేశాడు. "పక్కకు! పక్కకు జరుగుండ్రి!"

"ఏమైందయ్యా?" అన్నాడు జోగారావు.

"కుడి రెక్క పలక నడుమ నడుమ ఆగుతాంది సార్. గాలిల ఆగితే ఒక పక్కకు ఒరిగిపోతది. మన చేతుల ఉండదు."

"ఏదీ, చూపించు."

బాలరాజు చూపించాడు. ఎంత చూపించినా ఆ పాడు పలక బుద్ధిమంతురాలిలా లేచింది, దిగింది. చెమటలు పట్టాయి. పుల్లను టకటకా అటూ ఇటూ నెట్టాడు. లేచింది, దిగింది.

"నువ్వొక్కడివే చూస్తే ఆగుతుంది, మేమొస్తే కదులుతుందా?" జోగారావు అన్నాడు. "కొత్త పెళ్లికూతురేంటయ్యా?"

వెనకున్నవాళ్లు పకపకా నవ్వారు. హేమచంద్ ముఖం మాడిపోయింది. "ఒక్క చుట్టు బాలరాజూ. ఒకే ఒక్క చుట్టు తిప్పి దించేస్తా. ఏం కాదు. ఇటు ఇవ్వు రిమోట్."

"కాదు సార్."

"నా విమానం!"

"మీదే సార్. కాదంటలేను. ఇయ్యాల ఎగరది."

హేమచంద్ రిమోట్ మీద చెయ్యి వేశాడు. బాలరాజు వంగి బ్యాటరీ తీగ ఊడబీకాడు. జేబులోంచి పానా తీసి, ముక్కున ఉన్న నట్టు విప్పి, ఫ్యాన్ ఊడదీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. గోడ మీది పిల్లలు "హో..." అంటూ ఉసూరుమన్నారు. రెండు నిమిషాల తర్వాత మైకులో సాంకేతిక కారణాలు అని వినపడింది. ఆ తర్వాత పాటల పోటీ మొదలైంది.

హేమచంద్ విమానాన్ని తానే ఎత్తుకున్నాడు. "దీన్ని ఇంక ముట్టుకోకు. నా సంగతి నేను చూసుకుంటాను. ఇంతమందిలో నా పరువు తీశావు" అన్నాడు. అరవలేదు. మెల్లగా అన్నాడు. అరిచినా బాగుండు అనిపించింది బాలరాజుకు.

ఇంటికొస్తే యమున గుమ్మంలోనే అడిగింది. "ఎగిరిందా?"

"ఎగరలే."

జరిగిందంతా చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ వింది. "మరి గది పడేదేనా?"

"ఏమో. పడకపోతుండె కూడా. ఆరు నిమిషాల్ల ఒక్కపారి కూడ ఆగకపోతుండె కావచ్చు."

"మంచిగున్నది నీ కథ. ఎగిరి పడితే నువ్వు నిజం, ఎగిరి దిగితే నువ్వు అబద్దం. అసలు ఎగరకనే పాయె, ఇగ నువ్వు నిజమో అబద్దమో ఎవలకు తెల్వాలె?"

ఆ మాట బాలరాజును వదల్లేదు. రెండు రోజులు షాపులో ఏ మోటరు చుట్టినా లెక్క తప్పింది. ఒకటి మొత్తం విప్పి మళ్లీ చుట్టాల్సొచ్చింది. పరువు పోయిందని కాదు అతని బాధ. విమానం హేమచంద్ ఇంట్లో ఉంది. ఫ్యాన్ ఏ షాపులోనైనా దొరుకుతుంది. లోపం మాత్రం దాని ఒంట్లో అట్లాగే ఉంది. అది ఎక్కడుందో తనకూ తెలియదు.

ఫోన్ చేశాడు, ఎత్తలేదు. "సార్, రెక్క కోసి చూడాలె, అప్పటిదాక ఎగరెయ్యకుండ్రి" అని వాయిస్ మెసేజి పంపాడు. విన్నట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. గురువారం షాపు మూసేసి కొంపల్లి పోయాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను లోపలికి ఫోన్ చేసి, "మీటింగ్‌ల ఉన్నరంట, తర్వాత రమ్మన్నరు" అన్నాడు. బాలరాజు అరగంట గేటు పక్క దిమ్మె మీద కూర్చున్నాడు. హేమచంద్ కారు లోపల ఇంటి ముందే నిలబడి ఉండటం అక్కడికి కనపడుతూనే ఉంది.

శనివారం హేమచంద్ వాట్సాప్ స్టేటస్‌లో విమానం ఫోటో వచ్చింది. ముక్కున కొత్త ఫ్యాన్. కింద రాశాడు: 'రేపు శామీర్‌పేట్‌లో. ఈసారి ఎగరడం ఖాయం.'

ఆదివారం పొద్దున ఒక రైతు బోరు మోటరు ఇచ్చెయ్యాల్సి ఉంది. ఆయన షాపు ముందు కూర్చున్నాడు. "గంటల వస్త పటేలా" అని బతిమాలి బాలరాజు బండి తీశాడు. మేడ్చల్ దాటి శామీర్‌పేట్ రోడ్డెక్కాక, రెండు టిప్పర్లు ముందు నిలబడి దారి ఇవ్వలేదు. హారన్ కొట్టీ కొట్టీ బొటనవేలు నొప్పి పుట్టింది. నేనెందుకు ఉరుకుతున్నా, ఆ మనిషి నా మొహం చూడనన్నాడు కదా, పడితే పడనీ అని తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే బండి పెంచాడు.

మైసయ్య బీడుకు ఆనుకుని కింద చెరువు నీళ్లు పారే మడి ఉంది. మామూలుగా ఆదివారం అక్కడ కొంగలు తప్ప ఎవరూ ఉండరు. ఇవాళ యాసంగి నాట్లు పడుతున్నాయి. శివమ్మ అనే మేస్త్రీ వెంట పన్నెండు మంది ఆడవాళ్లు వంగి నాటు వేస్తున్నారు. విమానం లేచాక మలుపు తిరిగేది సరిగ్గా ఆ మడి మీదే. హేమచంద్ ఆ పక్కకు చూడను కూడా లేదు. విమానాన్ని నేల మీద పెట్టి బ్యాటరీ తగిలిస్తున్నాడు. మైసయ్య గట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"సార్!" బండి పడేసి బాలరాజు ఉరికాడు.

"వచ్చావా?" హేమచంద్ తలెత్తలేదు. "చూసి పో. ఎగరేస్తాను, దించుతాను. ఆ తర్వాత ఆ వీడియో నీకే పంపుతాను."

బాలరాజుకు పది అంగల దూరం నుంచే ఒకటి కనపడింది. కొత్త ఫ్యాన్ మీద అంకెలు వెనక్కి తిరిగి ఉన్నాయి.

"ఫ్యాన్ ఉల్టా బిగించిండ్రు సార్. అంకెలు ముందటికి రావాలె. గిట్లయితే సగం బలం కూడ రాదు. లేసి, ముందు చెట్లల్ల పోతది."

హేమచంద్ చెయ్యి ఆగిపోయింది. వంగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "...మార్చు మరి" అన్నాడు, ఎటో చూస్తూ.

బాలరాజు ముందు బ్యాటరీ తీశాడు. నట్టు విప్పి ఫ్యాన్ తిప్పి బిగించాడు. బిగిస్తూ అన్నాడు, "ఇగ రెక్క సంగతి."

"రెక్క బాగుంది. నిన్న ఇంట్లో వందసార్లు చూశాను."

"మోటరు పెట్టి చూసిండ్రా?"

"ఇంట్లో మోటరు ఎలా పెడతానయ్యా?"

"మరి ఈడ పెట్టుండ్రి. నేను తోక పడ్త. మీరే ఆడించుండ్రి. నేను రిమోట్ ముట్టను. యాభై సార్లు ఆడితే నేను పోత సార్. మల్ల మీకు ఫోన్ కూడ చెయ్య."

హేమచంద్‌కు ఆ పందెం నచ్చింది. "మైసయ్యా, నువ్వు లెక్కపెట్టు" అన్నాడు.

మైసయ్య బీడీ ఆర్పి చెవిలో దోపుకుని వచ్చాడు. ముక్కు ముందుకు పోబోతే బాలరాజు "మామా, వెనకకు రా, నా పక్కకు రా" అని లాగాడు. తోకను మోకాళ్ల మధ్య పట్టాడు. మోటరు ఫుల్లు లేచింది. విమానం ఒళ్లంతా జిల్లుమని అదురుతోంది.

"లాభం," అన్నాడు మైసయ్య ఒకటికి బదులు, కల్లంలో వడ్లు కొలిచినట్టు. "రెండు. మూడు. నాలుగు..."

పది అయింది. ఇరవై అయింది. కుడి పలక లేస్తోంది, దిగుతోంది. హేమచంద్ పెదాల మీద నవ్వు మొదలైంది. బాలరాజు తోకను ఇంకా అదిమిపట్టాడు. ఆగవే, ఆగు తల్లీ, అని లోపల్లోపల మొక్కుతున్నాడు. తాను కట్టిన విమానం చెడిపోయి ఉండాలని మొక్కే బతుకు అయిపోయిందే అని ఏడుపు కూడా వస్తోంది.

"ముప్పై మూడు. ముప్పై నాలుగు." మైసయ్య ఆగాడు. "ఆగె."

"ఏం ఆగింది?"

"కుడి పక్క లేవలే సారూ."

"నేను సరిగా నెట్టలేదేమో." హేమచంద్ మళ్లీ నెట్టాడు. లేచింది. "చూశావా? కానివ్వు."

"ముప్పై అయిదు..." నలభై దాటింది. నలభై ఒకటి దగ్గర కుడి పలక పైకి లేచి, దిగడం మర్చిపోయింది. హేమచంద్ పుల్లను అటు నెట్టాడు, ఇటు నెట్టాడు. ఎడమది వెర్రిగా ఆడుతోంది. కుడిది లేచిన చెయ్యిలా అలాగే ఉండిపోయింది. ఎంతసేపో కాదు, అయిదారు సెకన్లు. తర్వాత టక్కున దిగింది.

హేమచంద్ మోటరు ఆపాడు. ఆ చప్పుడు పోయేసరికి మడిలో ఆడవాళ్ల మాటలు వినపడ్డాయి. శివమ్మ ఎవర్నో "సాలు వంకర పోతాంది, జర సూస్కో" అంటోంది. హేమచంద్ తల తిప్పి మొదటిసారి ఆ మడి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

బాలరాజు బ్యాటరీ ఊడదీశాడు. ఇప్పుడైనా ఒక మాట అంటాడేమోనని ఎదురుచూశాడు.

"పలకను ఆడించేది నువ్వు పెట్టిన సర్వో మోటరే కదా," అన్నాడు హేమచంద్. "క్వాలిటీ చూసుకోవద్దూ?"

బాలరాజుకు తిక్క నషాళానికెక్కింది. మైసయ్య అతని ముఖం చూసి, భుజం మీద చెయ్యేసి, "నీళ్లు తాగుతవా బిడ్డా?" అన్నాడు. తాగాడు. తాగాక, "షాపుకు తెండ్రి సార్, కోసి చూద్దాం" అని మాత్రం అనగలిగాడు.

"ఇక్కడే చెయ్యలేవా? మళ్లీ వారం ఆగాలా?"

"ఈడ చెయ్య."

హేమచంద్ కారు వెనక సీట్లో విమానం, వెనక బండి మీద బాలరాజు. షాపు ముందు రైతు ఇంకా కూర్చునే ఉన్నాడు. అతని తిట్లు పూర్తిగా తిని, మోటరు అప్పజెప్పి, అప్పుడు రెక్క బల్ల మీద పెట్టాడు. హేమచంద్ స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

కుడి రెక్క అడుగున టేపు బ్లేడుతో కోసి, సర్వోకు పోయే మూడు సన్నటి తీగలను బయటికి లాగాడు. మీటరు రెండు ముళ్లూ రెండు కొసలకు పెట్టాడు. బీప్‌మంది. తీగ బాగున్నట్టే. అప్పుడు దాన్ని వేళ్ల మధ్య అంగుళం అంగుళం వంచుతూ పోయాడు. బీప్. బీప్. రెక్క మొదలుకు నాలుగు వేళ్ల దూరంలో వంచగానే చప్పుడు ఆగింది. వదిలితే మళ్లీ మోగింది. పైన తెల్లటి ప్లాస్టిక్ తొడుగు కొత్తదిలా ఉంది. గోటితో చీల్చి చూస్తే, లోపల రాగి పోగులన్నీ తెగి, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, అంతే.

అక్కడే ఎందుకు తెగింది? రెక్క లోపలికి టార్చి వేశాడు. కార్బన్ అడ్డబద్దకు తీగ దూరడానికి వేసిన రంధ్రం. దాని అంచు బ్లేడులా ఉంది. తీగ ఆ అంచు మీద మడత పడి, దసరా నుంచి ప్రతి ఆదివారం అదురుతూ వచ్చింది. అలాంటి రంధ్రానికి బాలరాజు ఎప్పుడూ సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడుగుతాడు, తీగ కోసుకుపోకుండా. ఎడమ రెక్కలో టార్చి వేశాడు. నల్లటి ట్యూబు ముక్క ఉంది. కుడి రెక్కలో లేదు.

మర్చిపోయింది తనే. ఆ రోజు కరెంటు పోయిందో, ఎవరైనా మోటరు తెచ్చారో, జ్ఞాపకం లేదు. రెక్కలు ఎత్తి ఫోటోలు దిగినవాళ్లు కొంత పాడు చేసి ఉంటారు. కానీ రంధ్రం తనది.

ముఖం వేడెక్కింది. వారం రోజులుగా ఎవరెవరి మీదో మండిన మంట అంతా తిరిగొచ్చి తన మీదే పడింది. హేమచంద్ ఫోన్ చూస్తున్నాడు. తీగ మార్చి, ట్యూబు తొడిగి, టేపు వేసేస్తే ఎవరికీ తెలియదు. తీగ కంపెనీది ఖరాబంటే నమ్ముతాడు కూడా.

"సార్," అన్నాడు బాలరాజు. "జర ఇటు చూడుండ్రి."

చూపించాడు. తెగిన తీగ, రంధ్రం, ఎడమ రెక్కలో ట్యూబు, కుడి రెక్కలో లేని ట్యూబు. "మోటరుది కాదు, సర్వోది కాదు. నేను మర్చిపోయిన. తప్పు నాదే."

హేమచంద్ తీగను వేళ్లతో పట్టుకుని వంచాడు, వదిలాడు. మీటరు మోగింది, ఆగింది, మోగింది. "ఇంత చిన్న తీగా?" అన్నాడు. తర్వాత, "ఇది నువ్వు ఆ రోజే చెప్పి ఉంటే అందరి ముందు అంత గొడవ ఉండకపోను కదయ్యా!"

"ఆ రోజు నాకు తెల్వదు సార్. ఏదో ఖరాబున్నదని తెలుసు. గదే చెప్పిన."

"తెలీకుండా ఎలా ఆపేశావ్ మరి?"

"తెల్వకనే ఆపిన సార్. తెలిస్తే బాగుచేస్తుంటి గదా."

హేమచంద్ తీగను బల్ల మీద పెట్టేశాడు. అర్థమైందో లేదో కూడా బాలరాజుకు తెలియలేదు. వివరించే ఓపిక ఇక లేదు. కొత్త తీగ వేసి, రెండు రెక్కలూ పూర్తిగా కోసి అన్ని రంధ్రాలూ చూసి, మళ్లీ అంటించేసరికి ఇంకో మూడు సాయంత్రాలు పట్టాయి.

తర్వాతి ఆదివారం శామీర్‌పేట్‌కు యమున కూడా వచ్చింది. "ఏంది గీ విమానం, నేను కూడ చూస్త" అని బండెక్కింది. నాట్లు అయిపోయాయి, మడిలో ఎవరూ లేరు. గాలి మాత్రం ఉంది. మైసయ్య బీడులో పొడవు గడ్డి ఒక పక్కకే పడుకుంది. బాలరాజు కూర్చోమన్నాడు. గంట కూర్చున్నారు. హేమచంద్ వాచీ చూసుకుంటూ, రెండుసార్లు "ఇప్పుడు తగ్గింది కదా" అన్నాడు. బాలరాజు తల అడ్డంగా ఊపాడు. యమున తెచ్చిన సద్దిలో సగం మైసయ్య తిన్నాడు.

పదిన్నరకు గడ్డి నిలబడింది. బాలరాజు విమానం చుట్టూ తిరిగాడు. ముప్పై అంగలు నడిచాడు. తోక పట్టి కూర్చుని నూరు సార్లు ఆడించమన్నాడు. ఈసారి లెక్క యమున పెట్టింది. నూరూ ఆడింది.

అప్పుడు హేమచంద్ ఎగరేశాడు. నేల మీద ఇరవై అంగలు ఉరికి, తేలిగ్గా లేచింది. ఎర్ర పట్టీ ఎండలో మెరిసింది. చెరువు వైపు మలుపు తిరిగినప్పుడు రెండు రెక్కలూ చక్కగా ఒరిగాయి, చక్కగా తేలాయి. యమున నోరు తెరిచి చూస్తోంది. బాలరాజు విమానం వైపు చూడటంలేదు, కుడి రెక్క వైపే చూస్తున్నాడు. ఆరు నిమిషాలూ ఆ ఒక్క రెక్కనే చూశాడు.

దిగింది. కొంచెం గట్టిగా ఎగిరెగిరి దిగింది గాని దిగింది. బాలరాజు పోయి ముందు బ్యాటరీ తీశాడు. ఆ తర్వాతే లేచి నడుం నిటారు చేశాడు.

హేమచంద్ ముఖం వెలిగిపోతోంది. వీడియో అప్పుడే కాలనీ గ్రూపుకు పంపేశాడు. నిమిషంలో ఫోన్ మోగింది. మాట్లాడి, చెయ్యి అడ్డం పెట్టి బాలరాజు వైపు తిరిగాడు.

"జోగారావు గారు. ఉగాదికి కాలనీలో ఎగరేయమంటున్నారు. ఈసారి అందరూ ఖచ్చితంగా చూడాలంట. ఏం చెప్పను?"

"ఆ పొద్దు చూసి చెప్త సార్."

"అబ్బా, విమానం బాగైపోయిందిగా! ఆయనకి ఇప్పుడే మాట ఇవ్వొచ్చు కదా."

"మాట నేనియ్య సార్," అన్నాడు బాలరాజు. బ్యాటరీని ఎండలో పెట్టకుండా యమున కొంగు నీడన పెట్టి, రెక్కలు విప్పడం మొదలుపెట్టాడు. హేమచంద్ ఫోన్లో ఏం చెప్పాలో తెలియక, "ఒక్క నిమిషం అండీ, ఒక్క నిమిషం" అంటూ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయాడు.